పాత ట్రాక్టరుకు లాగుడు బలము పెంచుట ఎట్లు?

మన రాష్ట్రములో ముప్పది, నలుబది సంవత్సరముల క్రిందట కొన్న ట్రాక్టర్లు నేటికిని పొలములలో పనిచేయుచునే యున్నవి. 1959లో ఐషర్ కంపెనీ మన దేశమున ట్రాక్టర్ల తయారీకి పూనుకొన్నది. 1960 ప్రాంతమున మద్రాసులో మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లకును, 1963లో బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్లకును కర్మాగారములు ఏర్పడెను. 1971లో పింజోరులో హెచ్.ఎం.టి. వారు జెటర్ నమూనా ట్రాక్టరును తయారుచేయ మొదలిడిరి. ఆనాటి 25, 35 అశ్వశక్తుల బండ్లు తండ్రుల చేతినుండి కొడుకుల చేతికి వచ్చినవి. కొన్ని దుక్కిలో నున్నవి, కొన్ని ట్రైలరుకు కట్టబడి ఇసుకయు, వడ్లును మోయుచున్నవి.

ఇట్టి బండి గల రైతు ఏదో యొక వేసవిలో పక్క పొలమున 50 అశ్వశక్తుల క్రొత్త బండి దున్నుట చూచును. తన బండికిని కొంత బలము చేర్చవలెనను కోరిక పుట్టును. సికింద్రాబాదు రాణిగంజ్ వీధులలో యంత్ర సామగ్రి దుకాణములకు కొదువ లేదు. ఈ పట్టణమునకు ఇనుప పనిలో పాత చరిత్ర కలదు. లాలాగూడ రైలు కార్ఖానా 1893 నాటిది. కవాడిగూడలో ప్రాగా టూల్సు సంస్థ 1943లో వెలసినది. బోరు కోయువారు, స్లీవులు దించువారు, డీజిలు పంపులు సరిచేయువారు ఇచట నేర్పరులు. పని జరుగుట కష్టము కాదు. ఆ పని అవసరమా, కాదా అనునదే ముందుగా తేల్చుకొనవలసిన విషయము.

ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్య విషయ మొక్కటే. ట్రాక్టరు లాగలేకపోవుటకు కారణము అన్నివేళల ఇంజను కాదు. తరచుగా నేలను పట్టవలసిన చక్రమునందో, వెనుక కట్టిన నాగలియందో లోపముండును. కారణమును కనుగొనక ఇంజనును మార్చినచో డబ్బు పోవును, బండి పోవును. ఒక్కొక్కప్పుడు తోలువాని ప్రాణమునకే ముప్పు వచ్చును.

బలము వేరు, పట్టు వేరు

గుంటూరు, ప్రకాశం, నల్గొండ, కర్నూలు జిల్లాలలో తిరునాళ్ళకును, పండుగలకును బండలాగుడు పందెములు జరుగుట మన రైతులెల్లరు ఎరిగినదే. ఒంగోలు జాతి ఎద్దులు ఎంత బలిష్ఠములైనను, గిట్ట నేలలో నిలువనిచో బండ కదలదు. అందుకే పందెపు రైతు ఎద్దుకు దాణా పెట్టుటతో సరిపెట్టుకొనడు. గిట్టలు చూచును, కాడి చూచును, బండకు కట్టిన మోకు పొడవు చూచును. ట్రాక్టరుకు ఇంజను కండబలము వంటిది, వెనుక చక్రము గిట్ట వంటిది, డ్రాబారు అను లాగుడు కడ్డీ మోకు కట్టిన చోటు వంటిది. ఈ మూడును సరిపోయిననే లాగుడు.

ఇంజను బలమంతయు లాగుడు కడ్డీకి చేరదు. గేర్లలో కొంత, చక్రము జారుటలో కొంత, బండి తన బరువును తాను మోయుటలో కొంత ఖర్చగును. ఈ సంగతి నూరేండ్ల క్రిందటనే రైతులకు అనుభవమునకు వచ్చినది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున విల్మాట్ క్రోజియర్ అను రైతు, కంపెనీల ప్రకటనలు నమ్మి ట్రాక్టరు కొని నష్టపడెను. తరువాత ఆయన శాసనసభ సభ్యుడై, పరీక్షింపబడని ట్రాక్టరును ఆ రాష్ట్రమున అమ్మరాదని 1919లో చట్టము చేయించెను. 1920లో మొదటి పరీక్షలో నిలిచిన ట్రాక్టరు 'వాటర్లూ బాయ్'. దానిని 12-25 అని పిలిచెడివారు. బెల్టుపై 25 అశ్వశక్తులు, లాగుడు కడ్డీ వద్ద 12 మాత్రమే అని దాని అర్థము. తరువాతి కాలపు ట్రాక్టర్లలో ఈ నష్టము తగ్గినది గాని పూర్తిగా పోలేదు. మన దేశమున మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోను, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోను ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు ట్రాక్టర్లకును, వ్యవసాయ యంత్రములకును పరీక్షలు జరుపుచున్నవి.

చిన్న లెక్క

లాగుడు బలమును కిలోలలోను, నడకను గంటకు కిలోమీటర్లలోను తీసికొని, రెండింటిని గుణించి 270తో భాగించినచో లాగుడు కడ్డీ వద్ద అశ్వశక్తి వచ్చును. ఈ లెక్కను పాత బండికి పెట్టి చూతము.

35 అశ్వశక్తుల ట్రాక్టరుకు పొలములో లాగుడు కడ్డీ వద్ద 20 అశ్వశక్తులు మిగిలినవనుకొందము. గంటకు 4 కిలోమీటర్ల నడకలో 20ని 270తో గుణించి 4తో భాగించిన 1,350 కిలోలు వచ్చును. అనగా ఇంజను 1,350 కిలోల లాగుడు ఇవ్వగలదు.

ఇక చక్రము సంగతి. బండి బరువు 1,800 కిలోలనుకొనిన, వెనుక చక్రములపై సుమారు 1,200 కిలోలు పడును. దున్నిన నేలలో రబ్బరు టైరు తనపై పడిన బరువులో దాదాపు సగమే లాగగలదు. అనగా 600 కిలోలు. నాగలి క్రిందికి గుంజుట వలన మరికొంత బరువు వెనుకకు చేరినను 700, 750 కిలోలకు మించుట అరుదు. ఇంజను 1,350 ఇవ్వగలిగినను నేల 750 మాత్రమే అందుకొనుచున్నది. ఇట్టి చోట ఇంజనును 35 నుండి 45 అశ్వశక్తులకు పెంచిన లాభమేమి? అదే చోట చక్రము మరింత వేగముగా గిరగిర తిరుగును, టైరు అరుగును, డీజిలు కాలును.

అయినచో ఎక్కువ అశ్వశక్తి వలన ప్రయోజనమే లేదా? కలదు. అదే 700 కిలోలను గంటకు 4 కిలోమీటర్లకు బదులు 6, 7 కిలోమీటర్ల నడకలో లాగవలెనన్న అశ్వశక్తి కావలెను. రోటవేటరు వంటి, ఇంజను నుండి పి.టి.ఓ. షాఫ్టు ద్వారా తిరుగు పనిముట్లకును కావలెను. రైతునకు కావలసినది త్వరగా పని ముగియుటయా, లేక బండి ఆగకుండ లాగుటయా అనునది తేల్చుకొనవలెను.

పొలములోనే చేయదగిన పరీక్ష

ఏ మిస్త్రీ వద్దకును పోకముందు రైతు తన పొలములోనే ఈ పరీక్ష చేయవచ్చును. సమతలముగా నున్న పొలమున, మామూలు లోతున నాగలి దించి, చిన్న గేరులో పూర్తి త్రాటిలుతో బండిని నడుపవలెను. చెట్టు మొద్దుకో, రాతికో గొలుసు కట్టి ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. బండి ఇక లాగలేనన్న చోట మూడింటిలో ఒకటి జరుగును.

మొదటిది: ఇంజను హాయిగా పనిచేయుచుండగా వెనుక చక్రము నిలిచిన చోటనే తిరుగును. ఇంజనులో లోపము లేదు, పట్టు లేదు.

రెండవది: చక్రము నేలను పట్టియుండగా ఇంజను దడదడలాడుచు, పొగ వదలుచు ఆగిపోవును. ఇంజనులో బలము తగ్గినది.

మూడవది: ఇంజను జోరుగా తిరుగును గాని చక్రమును తిరుగదు, బండియు కదలదు. క్లచ్చి ప్లేటు జారుచున్నది.

చక్రము ఎంత జారుచున్నదో కూడ కొలువవచ్చును. వెనుక టైరుపై సుద్దముక్కతో ఒక గీత గీయుడు. నాగలి పైకెత్తి అదే పొలములో చక్రము 10 చుట్లు తిరుగువరకు నడిపి దూరము కొలువుడు. తరువాత నాగలి దించి మరల 10 చుట్లకు దూరము కొలువుడు. నాగలి లేనప్పుడు 38 మీటర్లు, నాగలితో 30 మీటర్లు వచ్చినదనుకొందము. తేడా 8 మీటర్లు. 38లో 8 అనగా 21 శాతము జారుడు. అనగా అయిదు గంటల పనిలో రమారమి ఒక గంట పని నేలపాలగుచున్నది. 8 నుండి 15 శాతము వరకు జారుడు ఉండుట సహజము. 15 దాటినచో పట్టు చాలదు. 5 శాతము కంటె తక్కువ యున్నచో బండిపై అనవసరపు బరువు ఎక్కినదని గ్రహింపవలెను.

పోయిన బలమును తిరిగి తెచ్చుట

పరీక్షలో ఇంజను ఆగిపోయినచో, వెంటనే బోరు పెంచుటకో, పంపు పెంచుటకో పూనుకొనరాదు. ఆ ఇంజను క్రొత్తగా నున్నప్పటి బలమును నేడు ఇచ్చుచున్నదా అని ముందు చూడవలెను. పాత ఇంజనులలో పోయిన బలమును తిరిగి తెచ్చుటే అన్నిటికంటె చవుకయైన బలము.

డీజిలు ఇంజను గాలిని నొక్కి, ఆ వేడిలో డీజిలును మండించును. గాలి తగ్గినచో డీజిలు పూర్తిగా మండదు. సికింద్రాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఈ ఎత్తునందు గాలి తీరప్రాంతమున కంటె రమారమి 5 శాతము పలుచన. దానికి తోడు గాలి వడపోత పెట్టె దుమ్ముతో మూసికొనిపోయిన ఇంజనుకు ఊపిరాడదు. నూనె తొట్టిగల పాత వడపోతలలో, వేసవి దుక్కి రోజులలో ప్రతిదినము నూనె మట్టము చూచి, అడుగున బురద చేరినప్పుడెల్ల నూనె మార్చవలెను.

తరువాత పొగను చూడవలెను. నల్లపొగ వచ్చినచో గాలి తక్కువయో, డీజిలు ఎక్కువయో, నాజిళ్ళు సరిగా చిమ్ముటలేదో తెలిసికొనవలెను. నీలిపొగ వచ్చినచో రింగులు, లైనర్లు అరిగి ఇంజను నూనె మండుచున్నది. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగనిచో డీజిలు వేళకు మండుట లేదు, లేదా నీరు లోపలికి చేరుచున్నది. డీజిలు వడపోతలు మార్చుట, నాజిళ్ళను పరీక్ష యంత్రముపై సరిచేయించుట, వాల్వుల సందులను తయారీదారు పుస్తకములో చెప్పిన కొలతకు పెట్టుట, డీజిలు పంపు టైమింగు చూపించుట అను నాలుగు పనులకు ఇంజను విప్పనక్కరలేదు. ఇవి చేసిన పిదపను బలము రానిచో సిలిండర్లలో నొక్కుడు ఎంత యున్నదో కొలిపించి, రింగులు, లైనర్లు మార్పించవలెను.

భాగములు కొనునపుడు జాగ్రత్త అవసరము. హెచ్.ఎం.టి. ట్రాక్టరు కర్మాగారమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. ఇట్టి బండ్లకు అసలు భాగములు దొరకుట కష్టమై, రంగు పెట్టె చూచి కొని మోసపోవువారు కలరు. పాత భాగమును చేత తీసికొనిపోయి, కొలత సరిచూచి కొనుట మంచిది.

చక్రమునకు పట్టు

పరీక్షలో చక్రము తిరిగినచో చేయవలసిన పనులు వేరు. ఇవి ఇంజను పని కంటె చాల చవుక.

టైరు గుబ్బలు సగమునకు పైగా అరిగియున్నచో ఎంత బరువు వేసినను తడినేలలో పట్టు నిలువదు. గాలి అవసరమునకు మించి కొట్టినను పట్టు తగ్గును. రోడ్డుపై ట్రైలరు లాగుటకు కొట్టిన గాలితోనే దుక్కికి పోవుట మనలో అలవాటు. పొలములో గాలి తగ్గించిన టైరు నేలపై వెడల్పుగా పరచుకొని ఎక్కువగా పట్టును. ఎంత తగ్గించవలెనో ఆయా టైరుకు, బండికి పుస్తకములో చెప్పియుందురు. దానికంటె తగ్గించిన టైరు అంచు చిట్లును. రోడ్డెక్కునపుడు మరల గాలి పెంచుట మరువరాదు.

తరువాతిది బరువు. వెనుక టైరులో మూడు వంతులు నీరు నింపుట పాత పద్ధతి. 35 అశ్వశక్తుల బండ్లకు సాధారణముగా నుండు 12.4-28 కొలత టైరు ఒక్కొక్కటి సుమారు 150 లీటర్లు పట్టును. రెంటికి కలిపి 300 కిలోల బరువు చేరును. పైలెక్క ప్రకారము సగము అనుకొనిన 150 కిలోల లాగుడు పెరిగినట్లే. 600, 700 కిలోలు లాగు బండికి ఇది తక్కువ కాదు. చక్రములకు బిగించు పోత ఇనుప దిమ్మలును ఇట్టివే. అయితే ఈ బరువు మెరక దుక్కికి మాత్రమే. దమ్ములో బరువు బండి దిగబడును. తడినేలలో బరువు బండి త్రొక్కిన చోట అడుగున గట్టి పొర ఏర్పడి వేళ్ళు దిగవు. అతిగా బరువు వేసినచో చక్రము జారుటకు బదులు గేరు పళ్ళే విరుగును. చక్రము కొంచెము జారుట గేరు పెట్టెకు రక్షణ అని గుర్తుంచుకొనవలెను.

దమ్ములో పట్టునకు ఇనుప కేజి వీల్సు వాడుదురు. వీటితో తారురోడ్డు ఎక్కుట రోడ్డును చీల్చుటయే. ఇట్లు తోలరాదని జిల్లా అధికారులు ఉత్తర్వు లిచ్చుచున్నను రోడ్లు పాడగుచునే యున్నవి. వీటిని ట్రైలరులో వేసికొనిపోయి పొలము గట్టున బిగించుట సక్రమమైన పద్ధతి. గ్రామములలో పనిచేయు అధికారులు దమ్ముల కాలమునకు ముందే ఈ విషయము చాటింపు వేయించిన మేలు.

వెనుక కట్టిన పనిముట్టు

బండికి బలము పెంచుట ఒక దారి, బరువు తగ్గించుట మరియొక దారి. నల్లరేగడిలో రెక్కనాగలి కోసిన మట్టి ప్రతి చదరపు సెంటీమీటరుకు రమారమి 0.6 కిలో లాగుడు కోరునని లెక్క వేయవచ్చును. 30 సెంటీమీటర్ల వెడల్పుగల రెండు రెక్కల నాగలి 20 సెంటీమీటర్ల లోతు దున్నినచో కోత 1,200 చదరపు సెంటీమీటర్లు; కావలసిన లాగుడు 720 కిలోలు. లోతును 15 సెంటీమీటర్లకు తగ్గించిన 540 కిలోలు చాలును. మన పాత బండి ఈ 540ని సునాయాసముగా లాగును. లోతైన దుక్కి అవసరమైన పొలమును రెండు సాళ్ళుగా దున్నుకొనవచ్చును, లేదా ఒక రెక్క తీసివేయవచ్చును.

నాగలి కర్రు మొద్దువారినను, రెక్క త్రుప్పు పట్టి మట్టి అంటుకొనినను లాగుడు పెరుగును. ఇంజనుకు వేలకు వేలు ఖర్చుపెట్టుటకు ముందు కర్రును కమ్మరి వద్ద సాగగొట్టించుటయో, క్రొత్తది వేయుటయో మంచిది. నేలలో తగినంత పదును ఉన్నప్పుడు దున్నుటయు అట్టిదే. ఎండి రాయియైన రేగడిని క్రొత్త బండియు మెచ్చునట్లు లాగలేదు.

ఫెర్గూసన్ చూపిన దారి

ఈ విషయమును ప్రపంచమునకు నేర్పినవాడు ఐర్లండునకు చెందిన హారీ ఫెర్గూసన్. 1917లో హెన్రీ ఫోర్డు తయారుచేసిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు నాగలిని వెనుక కట్టి ఈడ్చెడిది. నాగలి రాతికి తగిలి ఆగినపుడు ఆ బండి ముందుభాగము లేచి, తోలువానిపై వెల్లకిల పడిన ప్రమాదములు అనేకము జరిగినవి. ఫెర్గూసన్ నాగలిని మూడు కడ్డీలతో బండికే బిగించి, హైడ్రాలిక్కు లిఫ్టుతో లోతును తానే సరిచూచుకొను ఏర్పాటు చేసెను. మట్టి నాగలిని పట్టి గుంజినకొద్దీ ఆ భారము వెనుక చక్రములపై పడి పట్టు పెరుగును. 1939లో అమెరికాలో ఫోర్డు వారి 9ఎన్ ట్రాక్టరుతోను, 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో టి.ఇ.-20 ట్రాక్టరుతోను ఈ పద్ధతి వ్యాప్తి చెందెను. టన్నుకు కొంచెము మించిన చిన్న బండి, తనకంటె బరువైన బండ్ల పని చేసెను. ఇంజనును పెద్దది చేయకయే లాగుడు పెంచిన ఉదాహరణ ఇది.

మన పాత బండ్లలో హెచ్చు వాటికి ఈ ఏర్పాటు కలదు. కాని లిఫ్టు వద్దనున్న డ్రాఫ్టు కంట్రోలు మీటను వాడని రైతులే ఎక్కువ. లిఫ్టులో నూనె పాతబడి, సీళ్ళు కారి ఆ ఏర్పాటు మూలపడియున్న బండ్లును కలవు. దానిని బాగుచేయించుట బోరు కోయించుట కంటె ముందు చేయవలసిన పని.

ఇంజనును మార్చి బలము పెంచిన ఉదాహరణయు కలదు. 1945లో వచ్చిన ఫోర్డ్‌సన్ మేజర్ ఇ-27-ఎన్ బండికి 1948 నుండి పెర్కిన్స్ కంపెనీవారి పి-6 అను ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను అమర్చిరి. పేరులోనే 27 అశ్వశక్తులు గల ఆ బండి రమారమి 45కు చేరినది. అయితే అది బరువైన బండి, పెద్ద చక్రముల బండి. చేరిన బలమును నేలకు దించగల పట్టు దానికి ముందే యున్నది.

ఇంజనులో మార్పులు: ఏది ఎంత?

"సారూ, పంపు స్క్రూ జర తిప్పితే బండి మంచిగ గుంజదా?" అని రైతులు అడుగుట కద్దు. డీజిలు పెరిగినచో కొంతవరకు గుంజును, నిజమే. కాని గాలి పెరుగక డీజిలు మాత్రము పెరిగినందున మండనిది నల్లపొగగా పోవును. పిష్టను తల, వాల్వులు అతిగా వేడెక్కును. మండని డీజిలు గోడల వెంట దిగి ఇంజను నూనెను పలుచన చేయును, బేరింగులు అరుగును. పంపుపై కంపెనీవారు సీలు వేసినది అందుకే. పంపును పరీక్ష బల్లపై పెట్టి కంపెనీ చెప్పిన కొలతకు తెప్పించుట మంచిది, దానిని మించుట మంచిది కాదు.

గవర్నరును సడలించి చుట్లు పెంచుట ఇంతకంటె ప్రమాదము. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగవలసిన ఇంజనును 2,400 తిప్పినచో వేగము 20 శాతమే పెరిగినను, పిష్టనును ఇటు నటు ఆపి లాగు కనెక్టింగు రాడ్డుపై బలము 44 శాతము పెరుగును. రాడ్డు బోల్టు తెగిన నాడు బ్లాకునకే రంధ్రము పడును. పైగా చుట్లు పెరుగుట వలన బండి వేగము పెరుగును గాని చక్రమును త్రిప్పు మెలిబలము పెరుగదు.

బోరు పెంచుట సంగతి. 90 మిల్లీమీటర్ల బోరును 93కు కోయించినచో లోపలి చోటు 7 శాతమే పెరుగును. దానికి తగిన డీజిలు పెంచినను బలము ఆ మేరకే. 35కు 2 అశ్వశక్తులు చేరుట కొరకు గోడలు పలుచనై, వేడి పెరిగి, మరల కోయుటకు చోటు లేకుండ పోవును. బోరు అరిగినందున తప్పనిసరిగా కోయవలసి వచ్చినపుడు కంపెనీ చెప్పిన ఓవర్‌సైజు పిష్టను వేయుట సరియే. బలము కొరకే కోయుట దండుగ.

పూర్వము కిరోసినుతో నడిచిన బండ్లలో సంగతి కొంత వేరు. వాటిలో గాలి, కిరోసినుల మిశ్రమమును సుమారు 5 వంతుల నుండి ఒక వంతుకు నొక్కెడివారు. పెట్రోలు ఇంజనులో అది 6 వంతుల ప్రాంతము. హెడ్డు మార్చి, ఎక్కువ నొక్కు పిష్టన్లు వేసి, పెట్రోలుతో నడుపుట వలన వాటికి నిజముగా బలము పెరిగెడిది. నేటి పాత డీజిలు బండ్లు 16, 17 వంతులు నొక్కుచున్నవి. వాటిలో ఇట్టి వీలు లేదు. ఇక టర్బో అమర్చుట అనగా పిష్టన్లు, కందెన, చల్లదనము అన్నియు దానికి తగినట్లు ఉండవలెను. కంపెనీ అట్లు రూపొందించని ఇంజనుకు టర్బో తగదు.

అమెరికా, ఐరోపా దేశములలో పాత ట్రాక్టర్లను ఇట్లు మార్చి, బరువు బండిని లాగు పందెములు జరుపుదురు. అమెరికాలో వీటికొక జాతీయ సంఘము 1969లో ఏర్పడినది. ఆ పందెములో బండి పరుగెత్తునది నూరు మీటర్లే. ఇంజను పోయినను మరునాటి దుక్కి ఆగదు. మన బండి మాత్రము ఏరువాక నుండి కోతల దాక వందల గంటలు నడువవలెను.

ఇంజను బలము నిజముగా పెరిగినను తరువాతి భాగములు పాతవే. క్లచ్చి, గేరు పెట్టె, క్రౌను పినియను, వెనుక ఇరుసు పాత బలమునకు తగినట్లు చేసినవి. బలము పెంచిన బండి తరచుగా ఇంజను వద్ద కాక ఇచట విరుగును.

ప్రాణాపాయము

బండి లాగనప్పుడు కొందరు గొలుసును టాప్ లింకు పిన్నుకో, ఇరుసు పైభాగమునకో కట్టుదురు. అట్లు కట్టినచో మొదట పట్టు పెరిగినట్లు తోచును. నిజమునకు ముందు చక్రములు తేలికపడుచున్నవి. వెనుక చక్రము బురదలో కూరుకొని తిరుగలేనపుడు, ఇంజను బండి ముందుభాగమునే పైకెత్తును. బండి రెప్పపాటులో వెల్లకిల పడును. క్లచ్చి త్రొక్కుటకును వ్యవధి యుండదు. ఇంజను బలము పెరిగినకొద్దీ ఈ అపాయమును పెరుగును.

కావున ఏ బరువునైనను క్రిందనున్న డ్రాబారుకే కట్టవలెను. బురదలో దిగిన బండిని ముందుకు బలవంతముగా తోలక, చక్రముల వెనుక మట్టి తీసి, వెనుకకు తీసికొనుట మేలు. వెనుక చక్రములకు అడ్డముగా కర్ర దుంగలు కట్టి తోలుట మృత్యువును కొనితెచ్చుకొనుటే. ఒక చక్రమే తిరుగుచున్నప్పుడు డిఫరెన్షియల్ లాకు వేయవచ్చును గాని, దానితో మలుపు తిప్పరాదు. కొండ్ర చివర గట్టు ఎక్కునపుడు ముందు చక్రములు లేచునట్లున్నచో ముందు బంపరుకు ఇనుప దిమ్మలు బిగింపవలెను.

చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధమగునట్లు వాహనమును మార్చరాదు. ఇంజను మార్చదలచినవారు ముందుగా రవాణాశాఖ కార్యాలయమున విచారించి, కావలసిన అనుమతి పొందవలెను. అనుమతి లేని మార్పు గల బండికి ప్రమాదము జరిగినచో బీమా సొమ్ము విషయమున చిక్కులు రావచ్చును.

ఏ వరుసలో చేయవలెను?

1. పొలములో పరీక్షించి చక్రము జారుచున్నదో, ఇంజను ఆగుచున్నదో, క్లచ్చి జారుచున్నదో తెలిసికొనుడు. జారుడును కొలిచి వ్రాసికొనుడు.

2. కర్రు పదును చేయించి, నాగలి లోతును, వెడల్పును బండికి తగినట్లు పెట్టుడు.

3. టైర్లు, గాలి, బరువు సరిచూచి, డ్రాఫ్టు కంట్రోలును వాడుడు.

4. గాలి వడపోత, డీజిలు వడపోత, నాజిళ్ళు, వాల్వులు, టైమింగు, పంపు సరిచేయించుడు.

5. అప్పటికిని ఇంజను ఆగినచో రింగులు, లైనర్లు మార్పించి కంపెనీ కొలతలకు తెచ్చుడు.

ఈ అయిదును చేసిన పిదప మరల సుద్దగీత పరీక్ష చేసి, మొదటి అంకెతో పోల్చి చూడుడు. ఇంకను చాలనిచో ఆ పని ఆ బండిది కాదు. సంవత్సరమునకు నాలుగైదు రోజులుండు లోతు దుక్కి కొరకు పెద్ద బండిని అద్దెకు తెచ్చుకొనుట, ఇంజను మార్పునకు అప్పుచేయుట కంటె చవుక. పాత బండిని గొర్రు, గుంటకలకును, మందు చల్లుటకును, ట్రైలరుకును నిలుపుకొనిన అది మరికొన్ని సంవత్సరములు ఇంటిని ఆదుకొనును.

యంత్రముల వాడుకలో, మరమ్మతులో శిక్షణ కోరు రైతులకు, రైతు బిడ్డలకు గార్లదిన్నె సంస్థలో తరగతులు జరుగుచున్నవి. గ్రామమునకు ఒక్కరైనను నేర్చి వచ్చినచో, నాజిలు చెడినదో, టైరు అరిగినదో ఊరిలోనే తేలును. రాణిగంజ్‌కు పోవునపుడు ఏ భాగము కావలెనో తెలిసి పోవచ్చును.